ప్రభుత్వం ఎందుకో పిల్లలకు చెప్పాలా? కాలువ చివరికి తీసుకెళ్లండి

"ప్రభుత్వం అనగానేమి?" అని బోర్డు మీద రాసి, కింద నాలుగు లైన్ల జవాబు రాయిస్తే పిల్లలు బట్టీ పట్టేస్తారు. పరీక్షలో మార్కులు కూడా వేసుకుంటారు. కానీ అదే పిల్లల్ని బడి బయట నిలబెట్టి "మన ఊళ్లో ప్రభుత్వం ఎక్కడుందిరా?" అని అడగండి. ఒకడు ముఖ్యమంత్రి పేరు చెబుతాడు, ఇంకొకడు ఎమ్మెల్యే ఇల్లు చూపిస్తాడు, ఒకమ్మాయి "అమరావతిలో ఉంది, టీచర్" అంటుంది. ఊళ్లో ఉందని ఎవరూ అనరు.

నేను చీరాల చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది కొమ్మమూరు కాలువ కింద శివారు భూమి. అంటే బెజవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీలో వదిలిన నీళ్లు దారిలో ఉన్న ఊళ్లన్నీ దాటుకుని చిట్టచివర మాకు రావాలి. ప్రభుత్వం ఎందుకుందో నాకు పుస్తకాల కంటే ముందు ఆ కాలువే చెప్పింది. అందుకే పిల్లలకు కూడా అక్కడి నుంచే చెప్పుకుంటూ వచ్చాను. ఆ పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. టీచర్లు బడిలో చేయించవచ్చు, తల్లిదండ్రులు ఆదివారం పూట సొంత పిల్లలతో చేయవచ్చు. కాలువ లేని ఊళ్లో మంచినీళ్ల పైపులైను చాలు. ట్యాంకు దగ్గరి ఇళ్లకు ధారగా వచ్చి, చివరి వీధికి చుక్కలుగా వచ్చే పైపులైను లేని ఊరు ఉండదు కదా.

ముందు బిందె ఆట

కాలువకు వెళ్లే ముందు రోజు బడి ఆవరణలో ఈ ఆట ఆడించండి. పదిమంది పిల్లల్ని వరసగా నిలబెట్టండి. ఒక్కొక్కరి చేతిలో ఒక స్టీలు గ్లాసు, కాళ్ల దగ్గర ఒక ఖాళీ సీసా. మొదటివాడి ముందు ఒక బిందెడు నీళ్లు. గ్లాసు నిండితే వాళ్ల చేను పండినట్టు, నిండకపోతే ఎండినట్టు. బిందెలో నీళ్లు పది గ్లాసులకు సరిపడా ముందే కొలిచి పోయండి, కానీ ఆ మాట పిల్లలకు చెప్పకండి.

మొదటి ఆటకు నియమం ఏమీ లేదు. "ఎవరికి కావలసినన్ని వాళ్లు ముంచుకుని బిందె పక్కవాడికి ఇవ్వండి" అనండి, అంతే. ఏం జరుగుతుందో మీరే చూస్తారు. మొదటివాడు గ్లాసు నింపుకుంటాడు, తర్వాత సీసా వంక చూస్తాడు, అటూ ఇటూ చూసి సీసా కూడా నింపేస్తాడు. రెండోవాడు అది చూసి ఇంకా తొందరగా నింపుతాడు. బిందె ఆరోవాడి దగ్గరికి వచ్చేసరికి అడుగు కనిపిస్తుంది. చివర నిలబడ్డ పిల్ల ఖాళీ గ్లాసు పట్టుకుని మీ వైపు చూస్తుంది.

ఇక్కడ ఒక్క ప్రశ్న అడగాలి. మొదటివాణ్ణి పిలిచి, కోపం లేకుండా, "సీసా ఎందుకు నింపావు నాన్నా?" అనండి. దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు "మళ్లీ బిందె వస్తుందో రాదో అని టీచర్". ఈ జవాబును బోర్డు మీద రాయండి. పాఠం మొత్తంలో ఇదే గట్టి మాట. వాడు దొంగ కాడు, దుర్మార్గుడు కాడు. వాడికి భయం. తను ఆగినా పక్కవాడు ఆగుతాడన్న నమ్మకం లేదు. మన ఎగువ రైతు ఆయిల్ ఇంజన్ పెట్టి కాలువలో నీళ్లు తోడేది కూడా ఈ భయంతోనే. ఇది పిల్లల బుర్రలోకి ఎక్కితే "మంచివాళ్లు ఉంటే ప్రభుత్వం అక్కర్లేదు" అనే మాట ఎంత తప్పో వాళ్లకే తెలుస్తుంది. మంచివాడికి కూడా, పక్కవాడు గీత దాటడన్న భరోసా కావాలి.

రెండో ఆటలో పిల్లల్నే కూర్చుని నియమం పెట్టుకోమనండి. మీరు దూరంగా ఉండండి, ఎంతసేపైనా వాదించుకోనివ్వండి. తలా ఒక గ్లాసు అని ఒకరంటారు. "మా చేను ఐదెకరాలు, వాడిది ఎకరం, ఇద్దరికీ ఒకటే గ్లాసా?" అని ఇంకొకరంటారు. ఎవడో ఒకడు "ఈసారి చివర నుంచి మొదలుపెడదాం" అంటాడు. పంచడంలో న్యాయం అనేది ఒక్క కొలతతో తేలేది కాదని, కూర్చుని తేల్చుకోవాలని వాళ్లకు అర్థమవుతుంది. అసెంబ్లీలో జరగాల్సింది ఇదే. పెద్దయ్యాక వీళ్లు టీవీలో అరుపులు చూస్తే, అక్కడ జరగాల్సిన పని ఏమిటో వీళ్లకు గుర్తుండాలి.

మూడో ఆటకు ఒక లస్కరును పెట్టండి. కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిని మా వైపు లస్కర్ అనే అంటారు. నియమం ప్రకారం గ్లాసులు నింపించడం అతని పని. ఆట చక్కగా సాగుతుంది, చివరి పిల్ల గ్లాసు నిండుతుంది. అందరూ చప్పట్లు కొడతారు.

నాలుగో ఆట మొదలయ్యే ముందు వరసలో మొదటివాడి జేబులో రెండు చాక్లెట్లు పెట్టి, చెవిలో "లస్కర్‌కు ఇచ్చి చూడు" అని చెప్పండి. ఇంకేం చెప్పక్కర్లేదు. పిల్లలు పెద్దవాళ్లని చూసే పెరుగుతున్నారు, మిగతాది వాళ్లకు తెలుసు. సీసా మళ్లీ నిండుతుంది. ఈసారి చివరి పిల్లకు వచ్చే కోపం మొదటి ఆటలో కంటే ఎక్కువగా ఉంటుంది. ఎందుకని అడిగితే ఒకసారి ఒకమ్మాయి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది: "అప్పుడు ఎవరూ లేరు టీచర్. ఇప్పుడు మనం పెట్టుకున్నవాడే ఇట్లా చేశాడు."

ఐదో ఆటలో చివరి పిల్ల చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఎవరు ఎంత తీసుకున్నారో ఆమె రాస్తుంది, అయ్యాక అందరి ముందు గట్టిగా చదువుతుంది. చాక్లెట్లు అందరి జేబుల్లో ఉన్నా ఈసారి సీసాలు నిండవు. సమాచార హక్కు, గ్రామసభ, ఆడిట్, కోర్టు అన్నీ ఆ నోటుపుస్తకం సంతానమే. కానీ ఆ పేర్లు అప్పుడే చెప్పకండి. ఆట అయిపోయాక ఇంటికి పంపేయండి.

కాలువ వెంట నడక

మర్నాడు పొద్దున్నే ఎండ ముదరకముందు బయల్దేరండి. మేజరు కాలువ మొదలయ్యే తూము దగ్గర ఆరంభించి చివరి పంట బోదె దాకా నడిపించండి. దూరం ఎక్కువైతే ఆటోలో వెళ్లి మూడుచోట్ల ఆగినా సరే. తలా ఒక కాగితం ఇచ్చి మూడే మూడు విషయాలు రాయమనండి: నీళ్లు ఎంత లోతున్నాయి, గట్టు మీద ఏమున్నాయి, అక్కడ ఎవరు పని చేస్తున్నారు. పైన మోకాలి లోతు నీళ్లు, దిగువకు వచ్చేసరికి గుర్రపుడెక్క, తూడు, అడుగున బురద. మధ్యలో గట్టు కింద నుంచి చేలోకి వెళ్లే పైపులు కనిపిస్తాయి. పిల్లలు "టీచర్, సీసా!" అని అరుస్తారు. ఎవరి పైపు అని పేర్లు పట్టే పని పెట్టుకోకండి. వాళ్ల నాన్నదే కావచ్చు. పిల్లవాణ్ణి తలదించుకునేలా చేసే పాఠం పాఠం కాదు.

లస్కర్ దొరికితే ఆయనతో పిల్లల్ని మాట్లాడనివ్వండి. ఆయనకు ఎన్ని కిలోమీటర్ల కాలువ అప్పగించారో, రాత్రిపూట షట్టర్ దగ్గర గొడవైతే ఎవరికి ఫోన్ చేస్తాడో అడగమనండి. పిల్లలు అప్పటిదాకా ప్రభుత్వాన్ని ఫ్లెక్సీల మీదే చూసి ఉంటారు. బురద కాళ్లతో, చేతిలో టార్చిలైటుతో ఉన్న ఈ మనిషి కూడా ప్రభుత్వమేనని తెలియడం వాళ్లకు చాలా పెద్ద సంగతి.

తిరిగొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టి ఇప్పుడు పాత మాట ఒకటి చెప్పండి. పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మనవాళ్లు మత్స్యన్యాయం అన్నారు. మహాభారతం శాంతిపర్వంలోనూ కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఈ మాట వస్తుంది. ఆ స్థితి భరించలేకే జనం రాజును ఎన్నుకున్నారని, పండిన ధాన్యంలో ఆరోవంతు అతనికి ఇవ్వడానికి ఒప్పుకున్నారని అర్థశాస్త్రం చెబుతుంది. అంటే పన్ను ఊరికే ఇచ్చింది కాదు, కాపలాకు ఇచ్చిన కూలి. పిల్లలు బిందె ఆట ఆడి ఉన్నారు కాబట్టి ఈ కథకు ఐదు నిమిషాలు చాలు.

కాపలాదారుకే కాపలా: మోటుపల్లి రాయి

మాకు దగ్గర్లో చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. ఒకప్పుడు కాకతీయుల పెద్ద ఓడరేవు. ఇప్పుడు చూస్తే మామూలు పల్లె, దగ్గర్లో సముద్రం. అక్కడి వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. అభయ శాసనం అంటారు. వీలున్నవాళ్లు పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి. దూరంలో ఉన్నవాళ్లు కనీసం కథ చెప్పండి.

దాని సారాంశం ఇది. అంతకు ముందు రాజులు, ఓడ తుఫానులో చిక్కి దారితప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా లాక్కునేవారు. సముద్రం దాటి వచ్చే వర్తకుడికి ఆ సరుకు ప్రాణం కంటే ఎక్కువ. అందుకని ఇకమీదట ముందే నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని గణపతిదేవుడు దేశదేశాల వర్తకులకు అభయమిచ్చాడు. సుంకం ముప్పైకి ఒకటి. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, రాగి, మిరియాలు, ఇలా దేనికెంతో రాయి మీదే చెక్కించాడు.

ఈ రాయి ముందు నిలబెట్టి పిల్లల్ని అడగండి: "రాజు ఎవరి నుంచి వర్తకులకు అభయమిచ్చాడు? దొంగల నుంచా?" కాదు. రాజు నుంచే. బిందె ఆటలో చాక్లెట్ తీసుకున్న లస్కర్ ఇక్కడ కిరీటం పెట్టుకుని ఉన్నాడు. అధికారం ఉన్నవాడు తన చేతులు తానే కట్టుకుని, కట్టుకున్నట్టు అందరికీ కనపడేలా రాయిస్తేనే మిగతావాళ్లు ధైర్యంగా ఓడ దించుతారు. మంచి ప్రభుత్వానికి నేను వెతికే మొదటి గుర్తు ఇదే. మీరు ఎంత కట్టాలో ముందే తెలియాలి, అంతకు మించి అడిగే హక్కు ఎవరికీ ఉండకూడదు.

పెద్ద తరగతుల పిల్లలైతే ఇక్కడే రాజ్యాంగం తెరవండి. చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు అని 265వ అధికరణం. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోరాదు అని 300ఎ. మోటుపల్లి అభయం ఒక రాజు దయ. ఆయన తర్వాతివాడు కాదంటే వర్తకుడు ఎక్కడికి పోవాలి? రాజ్యాంగం ఆ దిగులు తీర్చింది. ప్రభుత్వం మాట తప్పితే 226వ అధికరణం పట్టుకుని హైకోర్టుకు వెళ్లవచ్చు, ప్రాథమిక హక్కు విషయమైతే 32 పట్టుకుని నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లవచ్చు. ప్రాథమిక హక్కుకు దెబ్బ తగిలితే కూలిపని చేసుకునే మనిషైనా ప్రభుత్వాన్ని కోర్టుకు లాగవచ్చు అని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడండి.

పై ఊరు, పై రాష్ట్రం

ఈ భాగం మ్యాపు దగ్గర చేయాలి. మహాబలేశ్వర్‌లో పుట్టిన కృష్ణ వెంట పిల్లల వేలు నడిపించండి. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, చివరికి ప్రకాశం బ్యారేజీ. మనం చివర ఉన్నాం. అంటే రాష్ట్రాల్లో కూడా ఎగువ రైతు, దిగువ రైతు ఉన్నారు. భయాలు కూడా అవే.

మరి రాష్ట్రాల మధ్య లస్కర్ ఎవరు? 262వ అధికరణం కింద పార్లమెంటు 1956లో అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం చేసింది. దాని కింద 1969లో బచావత్ ట్రిబ్యునల్ ఏర్పడింది. కృష్ణలో 75 శాతం నమ్మకంతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు, దొరికే నీళ్లను 2060 టీఎంసీలుగా (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. 1973లో తీర్పు, 1976లో తుది నివేదిక. కృష్ణా డెల్టా వాటా 181.2 టీఎంసీలు. తెలంగాణ వచ్చాక 2014 పునర్విభజన చట్టం ప్రకారం కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపకం వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాదనలో ఏ పక్షానిది న్యాయమో బడిలో తేల్చాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో చదివే పిల్లవాడు, చీరాలలో చదివే పిల్లవాడు ఒకే బిందె చుట్టూ నిలబడ్డారని గుర్తిస్తే చాలు. కొట్టుకోకుండా ఒక ట్రిబ్యునల్ ముందు లెక్కలు పెట్టుకుని వాదించుకోవడమే ఒక గొప్ప సంగతి అని నేను అంటాను.

తాతమ్మల్ని అడిగించండి

కొన్ని పనులు ఎంత డబ్బున్నవాడైనా ఒంటరిగా చేసుకోలేడు. ఇది తెలియాలంటే పిల్లలతో ఇంట్లో పెద్దల్ని రెండు ఉప్పెనల గురించి అడిగించండి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. పది వేల మంది దాకా పోయారు. అసలు లెక్క అంతకంటే ఎక్కువని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1990 మే నెలలో అదే కృష్ణా ముఖద్వారం దగ్గర మళ్లీ భయంకరమైన తుఫాను తీరం దాటింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. అదే కోస్తా, మధ్యలో పదమూడేళ్లే. తేడా ఎక్కడ వచ్చింది? ముందుగా హెచ్చరికలు చేరాయి, తుఫాను షెల్టర్లు కట్టి ఉన్నాయి, లక్షకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. రేడియోలో ప్రకటన, ఊరూరా దండోరా, ఇంటింటికీ వెళ్లి "లేవండి, బస్సెక్కండి" అని బతిమాలిన రెవెన్యూ వాళ్లు, పోలీసులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు ఫోన్లకు వచ్చిన మెసేజీలు పిల్లలకు గుర్తుంటాయి. ఏ ఊరి షావుకారూ సొంతానికి వాతావరణ ఉపగ్రహం పెట్టుకోలేడు. పెట్టుకున్నా చివరి గుడిసెకు కబురు చేయాలన్న బాధ్యత అతనికి ఉండదు.

పాత కరువు కథ కూడా చెప్పాలి. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువును డొక్కల కరువు అంటారు. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని లెక్కలు చెబుతాయి. అప్పుడు ఇక్కడ ప్రభుత్వం లేదా? ఉంది. కంపెనీ దొరలు, కలెక్టర్లు, శిస్తు వసూలు, జమాబందీ అన్నీ ఉన్నాయి. చెరువు బాగుచేసే పని మాత్రం లేదు. తీసుకోవడం తెలిసి ఇవ్వడం తెలియని ప్రభుత్వం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకలేదు. తర్వాత రెండు దశాబ్దాలకు బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. అది 1952లో తెగితే దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ కట్టారు. తూర్పు, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు దాని మీద బతుకుతున్నాయి. పిల్లలు నిన్న నడిచిన గట్టు అందులోదే.

సబ్బు బిల్లు

పన్నుల పాఠానికి పెద్ద తయారీ అక్కర్లేదు. ఇంట్లో కొన్న సరుకుల బిల్లు ఒకటి తెమ్మనండి. కింద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు వరసలుంటాయి. ఒకటి కేంద్రానికి, ఒకటి రాష్ట్రానికి. "మా నాన్న పన్ను కట్టడు టీచర్, మాకు భూమి లేదు" అనే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. మిరపకాయల కోతకు వెళ్లే తల్లి కొన్న సబ్బులో కూడా పన్ను ఉందని ఆ పిల్ల బిల్లులో చూసుకుంటుంది. ఆ రోజు నుంచి ఆఫీసుకు వెళ్లినప్పుడు నిలబడే తీరు మారుతుంది. పథకాలు ఎవరో దయతో ఇస్తున్నారని అనుకుంటూ పెరిగిన పిల్లలకు ఈ ఒక్క బిల్లు చేసే మేలు అంతా ఇంతా కాదు. ఇంటి పన్ను రసీదు, నీటి తీరువా రసీదు కూడా దొరికితే పక్కపక్కన పెట్టించండి: ఏది పంచాయతీకి, ఏది రాష్ట్రానికి.

ఇక అర్జీ

ఇక్కడిదాకా వచ్చాక పిల్లల చేత ఒక నిజమైన పని చేయించాలి. వాళ్ల నడకలో చూసిన ఒక్క సమస్య ఎంచుకోనివ్వండి. పూడిక కావచ్చు, చివరి వీధి కుళాయి కావచ్చు. ఒక అర్జీలో ఒకటే సమస్య. పది కలిపి రాస్తే పదీ పోతాయి.

ముందు ఎవరి పని అన్నది తేల్చండి. వీధి దీపం, మురుగు, మంచినీళ్లు పంచాయతీవి. కాలువ పూడిక జలవనరుల శాఖది, అక్కడి అసిస్టెంట్ ఇంజనీరుకు (ఏఈ) రాయాలి. పంట బోదెలు, వంతుల సంగతి నీటి సంఘానిది. 1997లో వచ్చిన రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం ప్రకారం కాలువ కింద రైతులే ఈ సంఘాలను ఎన్నుకుంటారు. నన్నడిగితే మన తలుపుకు అతి దగ్గరగా ఉన్న ప్రభుత్వం ఇదే. జనం అతి తక్కువ పట్టించుకునేది కూడా ఇదే.

అర్జీ కాగితం మీద తేదీ, స్థలం, ఎన్నాళ్ల నుంచి సమస్య ఉంది, ఎంతమందికి ఇబ్బంది, ఏం చేయాలని కోరుతున్నారు, ఇంతే. తిట్లు వద్దు, పొగడ్తలు వద్దు. "తమరి దయతో" అని రాయకండి, "కోరుతున్నాము" అని రాయండి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. ఆంధ్రలో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక), తెలంగాణలో సోమవారం ప్రజావాణి ఉంటాయి. అక్కడ ఇస్తే నమోదు నంబరు ఇస్తారు, దాన్ని జాగ్రత్తగా ఉంచుకోవాలి.

గ్రామసభ జరిగే రోజు పంచాయతీ ఆఫీసులో కనుక్కుని పిల్లల్ని తీసుకెళ్లండి. మాట్లాడే హక్కు పద్దెనిమిది నిండిన ఓటర్లది, పిల్లలు వెనక కూర్చుని చూస్తారు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు గ్రామసభ అనే మాట మొదటిసారి విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. సభలో ఎంతమంది ఆడవాళ్లు నోరు తెరిచారు, తీర్మానం పుస్తకంలో ఏం రాశారు, సంతకాలు ముందు పెట్టించారా తర్వాత పెట్టించారా అని పిల్లల్ని గమనించమనండి. వాళ్ల కళ్లకు దొరకనిది ఉండదు.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ), 2005. అర్జీ పెద్దవాళ్ల పేరు మీదే పెట్టండి. గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, ఆ పైన పది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు చూపిస్తే ఎక్కడా కట్టక్కర్లేదు. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, కాగితం అడగాలి. ఇలా రాయించండి: "ఫలానా మేజరు కాలువలో గత మూడేళ్లలో పూడికతీత, తూడు తొలగింపు పనులకు మంజూరైన మొత్తం, చెల్లించిన మొత్తం, పని చేసిన కాంట్రాక్టరు పేరు, ఎం-బుక్ నకలు ఇప్పించగలరు." ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం. చేసిన పని కొలిచి రాసేది అందులోనే. బిందె ఆటలో చివరి పిల్ల చేతిలో ఉన్న నోటుపుస్తకం ఇదేనని చెప్పండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, తప్పుగా వచ్చినా ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే తొంభై రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

కొన్ని జాగ్రత్తలు

పార్టీల పేర్లు తేవద్దు. పిల్లలు ఇంట్లో వినేవి వాళ్లే తెస్తారు. అప్పుడు ఒకటే చెప్పండి: ఎన్నికల తర్వాత పార్టీ మారుతుంది, కాలువ మారదు, లస్కర్ మారడు, పంచాయతీ రికార్డు మారదు. అధికారంలో ఉన్న పార్టీ వేరు, ప్రభుత్వం వేరు. ఈ తేడా తెలియక పెద్దవాళ్లే ఎంత నష్టపోతున్నారో మనం చూస్తూనే ఉన్నాం.

"అయితే ప్రభుత్వం ఏదైనా చేయవచ్చా టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. చేయకూడదు. ఎవరిని పెళ్లాడాలి, ఏ దేవుడికి మొక్కాలి, ఏం చదవాలి, ఏం తినాలి అనేవి లస్కర్ షట్టర్లు పెట్టాల్సిన చోట్లు కావు. ఒకరి ఇష్టం ఇంకొకరి గ్లాసు ఖాళీ చేసే చోటనే నియమం కావాలి. ఈ గీత ఎక్కడ గీయాలన్నది పిల్లలతో ఒక పీరియడ్ అంతా వాదించినా తేలదు. వాదించనివ్వండి.

ఇంకొక ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది: "అర్జీ పెట్టినా పని కాకపోతే?" అన్నీ అవుతాయని పిల్లలకు అబద్ధం చెప్పకండి. మా బడి పిల్లలు పెట్టినవాటిలో ఏ కదలికా లేకుండా పోయినవి ఉన్నాయి, ఎదురుచూడని వేగంతో అయినవి ఉన్నాయి. అందుకే ముద్ర వేయించుకున్న నకళ్లు, ఆర్టీఐ జవాబులు, నడకలో రాసిన నీళ్ల లోతుల కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి బడి బీరువాలో ఉంచండి. తొమ్మిదికి వెళ్లే పిల్లలు ఎనిమిదికి వచ్చే పిల్లలకు ఆ ఫైలు అప్పగించి, ఏది ఎక్కడ ఆగిందో వివరించాలి. కొత్త పిల్లలు జూన్‌లో బడి తెరవగానే, కాలువకు నీళ్లు వదిలేలోపే, పాత అర్జీ నంబరు వేసి గుర్తుచేస్తూ మళ్లీ రాస్తారు.